జాంగో ప్రాజెక్టు నా లాప్‌టాప్‌లో లేవట్లేదు, వేట మొదలయ్యేలోపు నడవాలి

హార్బర్_అమ్మాయి · మే 27, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. వైజాగ్‌లో ఎంసీఏ రెండో ఏడాది చదువుతున్నాను. మా నాన్న ఫిషింగ్ హార్బర్‌లో రెండు బోట్ల లెక్కలు చూస్తారు. డీజిలు, ఐసు, సరుకులు, కళాసీల బత్తా, వేలంలో ఏ చేప ఏ రేటుకి పోయింది, చివరికి ఎవరి వాటా ఎంత... ఇన్నేళ్ళూ ఇదంతా పొడుగు పుస్తకాల్లోనే. పోయినేడాది మా సీనియర్ అన్న ఒకాయన దీనికి జాంగోలో (పైథాన్ భాషలో వెబ్ అప్లికేషన్లు రాయడానికి వాడే సరంజామా) వెబ్ అప్లికేషన్ రాసిచ్చాడు. సర్వర్‌లో బాగానే నడుస్తోంది. ఆయన ఉద్యోగం వచ్చి బెంగళూరు వెళ్తూ కోడ్ అంతా ఉన్న గిట్ రిపాజిటరీ నాకు అప్పగించాడు.

వేట నిషేధం జూన్ 14తో అయిపోతుంది. ఆ తెల్లారి నుంచి బోట్లు కదులుతాయి. నాన్న అడిగిన మార్పులు ఆలోపు చేసి చూపించాలి. మార్పుల సంగతి తర్వాత, అసలు ప్రాజెక్టే నా దగ్గర లేవట్లేదు.

విండోస్ 11, 8 జీబీ ర్యామ్. పైథాన్ 3.13 వేశాను. టెర్మినల్‌లో పైథాన్ అని కొడితే మైక్రోసాఫ్ట్ స్టోర్ తెరుచుకుంటోంది. పై (py) అని కొడితే మాత్రం పైథాన్ వస్తోంది. దాంతోనే రిక్వైర్‌మెంట్స్ ఫైలు (ప్రాజెక్టుకి కావాల్సిన ప్యాకేజీల జాబితా) ఇన్‌స్టాల్ చేయబోతే పేజీ నిండా ఎర్ర అక్షరాలు, అడుగున "పీజీ కాన్ఫిగ్ ఎగ్జిక్యూటబుల్ నాట్ ఫౌండ్" అని. మూడు రాత్రుళ్ళుగా నెట్‌లో ఎవరేం చెబితే అది వేశాను. ఇప్పుడు ఏది ఎక్కడుందో నాకే తెలియట్లేదు. అన్నీ తీసేసి విండోస్ మళ్ళీ వేసుకోనా?

మద్దిలపాలెం_మాస్టారు · మే 27, రాత్రి 10:15

విండోస్ జోలికి పోకమ్మా. ఏదీ తీయకు. ముందు మూడు సంగతులు చూసి చెప్పు.

సర్వర్‌లో ఉన్న పైథాన్ ఏ వెర్షన్? రిక్వైర్‌మెంట్స్ ఫైలులో జాంగో పక్కన, సైకోపీజీ పక్కన ఏ అంకెలున్నాయి? నీ టెర్మినల్‌లో పై అని కొట్టి, ఖాళీ వదిలి, హైఫన్ సున్నా పి ఇస్తే ఏం వస్తోంది? ఆ మూడోది నీ మెషీన్‌లో ఉన్న పైథాన్లన్నీ ఏ ఫోల్డర్లలో ఉన్నాయో వరసగా చూపిస్తుంది.

స్టోర్ తెరుచుకోవడం నీ తప్పేమీ కాదు. పైథాన్ లేని మెషీన్‌లో ఆ పేరు కొడితే స్టోర్‌కి తీసుకెళ్ళేలా విండోస్‌లోనే ఒక దారి పెట్టారు. సెట్టింగ్స్‌లో "యాప్ ఎగ్జిక్యూషన్ ఏలియాసెస్" అని వెతికి, అక్కడ పైథాన్ పేరుతో ఉన్న రెండు మీటలూ ఆపేయి. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు మొదటి తెర అడుగున పాత్‌లో (కమాండ్ల కోసం విండోస్ వెతికే ఫోల్డర్ల జాబితా) చేర్చమంటావా అని చిన్న గడి ఉంటుంది, చాలామంది దాన్ని టిక్ చేయకుండా దాటిపోతారు. నువ్వూ దాటే ఉంటావు.

గాజువాక_టర్నర్ · మే 27, రాత్రి 10:31

నాదీ ఇదే బాధ గురూ. నేను ఫ్లాస్క్ (జాంగో లాంటిదే) నేర్చుకుంటున్నాను. ఫ్రెండ్ లాప్‌టాప్‌లో అన్నీ వేసి ఉన్న వెన్వ్ (ఒక్క ప్రాజెక్టు కోసం విడిగా కట్టే పైథాన్ ఎన్విరాన్‌మెంట్) ఫోల్డర్‌ని పెన్‌డ్రైవ్‌లో తెచ్చి నాదాంట్లో పెట్టాను. నడవడం లేదు. ఏటి కారణం?

సింహగిరి · మే 27, రాత్రి 10:48

వెన్వ్ ఫోల్డర్‌ని మోసుకెళ్ళకూడదు తమ్ముడూ. దాన్ని తయారుచేసినప్పుడు ఆ మెషీన్‌లోని అసలు పైథాన్ ఎక్కడుందో పూర్తి దారి లోపల రాసి పెట్టేస్తుంది. నీ దగ్గర ఆ దారి లేదు. మీ ఇంట్లోనే ఆ ఫోల్డర్ పేరు మార్చినా, వేరే డ్రైవ్‌లోకి జరిపినా కొన్ని కమాండ్లు తప్పిపోతాయి. తీసుకెళ్ళాల్సింది రిక్వైర్‌మెంట్స్ ఫైలు. వెన్వ్‌ని ఎక్కడికక్కడ కొత్తగా కట్టుకోవాలి, పాడైతే నిర్భయంగా చెరిపేయాలి.

మీ ఇంట్లో నెట్ లేకపోతే ఫ్రెండ్ దగ్గర, పైథాన్ ప్యాకేజీలు వేసే పిప్‌లోని డౌన్‌లోడ్ కమాండ్‌తో ప్యాకేజీలను ఒక ఫోల్డర్‌లోకి దించుకో, పెన్‌డ్రైవ్‌లో ఆ ఫోల్డర్ తెచ్చుకో. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు "నో ఇండెక్స్" అనీ "ఫైండ్ లింక్స్" అనీ రెండు ఆప్షన్లు ఇస్తే నెట్ వైపు చూడకుండా ఆ ఫోల్డర్‌లోంచే తీసుకుంటుంది. ఇద్దరి పైథాన్ వెర్షన్ ఒకటే అయి ఉండాలి. 2014లో హుద్‌హుద్ వచ్చినప్పుడు రోజుల తరబడి కరెంటూ నెట్టూ లేక పని ఆగిపోయింది. అప్పట్నుంచి ప్రతి ప్రాజెక్టుకీ అలా ఒక ఫోల్డర్ పక్కన పెట్టుకోవడం నాకు అలవాటు.

హార్బర్_అమ్మాయి · మే 28, ఉదయం 7:05

మాస్టారూ, చూశాను. సర్వర్ డెబియన్ 12, పైథాన్ 3.11. ఫైలులో జాంగో 4.2, సైకోపీజీ2 బైనరీ 2.9.6. నా దాంట్లో పైథాన్లు రెండున్నాయి, 3.13, 3.9. ఆ 3.9 కాలేజీ ల్యాబ్ కోసం ఎప్పుడో వేసినట్టున్నాను.

మద్దిలపాలెం_మాస్టారు · మే 28, ఉదయం 8:20

దొరికింది. జాగ్రత్తగా చదువు, ఇది అర్థమైతే సగం తిప్పలు తీరినట్టే.

సైకోపీజీ అన్నది పైథాన్‌కీ పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌కీ మధ్య వంతెన. దాని లోపలి భాగం సి భాషలో ఉంటుంది. మన మెషీన్‌లో దాన్ని కంపైల్ చేసే బెడద లేకుండా, ముందే కట్టి సిద్ధం చేసిన మూటలు పెడతారు. వాటిని వీల్ ఫైళ్ళంటారు. ఒక్కో పైథాన్ వెర్షన్‌కి ఒక్కో వీల్. 2.9.6 వచ్చింది 2023లో. 3.13 వచ్చింది 2024 అక్టోబరులో. పుట్టని పైథాన్‌కి వీల్ ఎలా కడతారు? పిప్ వెతికింది, నీ 3.13కి సరిపడే మూట దొరకలేదు, సరే అసలు సోర్సు తెచ్చి నేనే కట్టేస్తానని బయల్దేరింది. కట్టాలంటే పోస్ట్‌గ్రెస్ తాలూకు పీజీ కాన్ఫిగ్ కావాలి, అది లేదు. నువ్వు చూసిన ఎర్ర అక్షరాలన్నీ అవే.

ఆ పీజీ కాన్ఫిగ్ కోసం నెట్‌లో వెతుకుతూ పోతే తర్వాత విజువల్ సి++ అడుగుతుంది. అది వేస్తే ఇంకోటి. తప్పు మొదట్లో ఉంటే మందు చివర్లో వెతుకుతున్నట్టు. పైగా జాంగో 4.2 అధికారికంగా 3.8 నుంచి 3.12 దాకానే. సర్వర్‌లో 3.11 ఉంది కాబట్టి నీ దగ్గరా 3.11 పెట్టు. ఆ వరసలో విండోస్‌కి ఇన్‌స్టాలర్ దొరికే చివరిది 3.11.9, పైథాన్ సైటులోనే ఉంది. 3.13ని తీయనక్కర్లేదు, రెండూ పక్కపక్కనే ఉంటాయి.

వేశాక ప్రాజెక్టు ఫోల్డర్‌లోకి వెళ్ళి, పై హైఫన్ 3.11 అని వెర్షన్ తేల్చి చెప్పి, ఆ పైథాన్‌తోనే వెన్వ్ కట్టు.

రుషికొండ_దేవ్ · మే 28, ఉదయం 10:02

మాస్టారు చెప్పింది సరైనదే కానీ ఇంత కష్టం ఎందుకు? డాకర్ వాడితే సర్వర్‌లో ఉన్న డెబియన్, పైథాన్, పోస్ట్‌గ్రెస్ అచ్చు అలాగే లాప్‌టాప్‌లోకి వచ్చేస్తాయి. కంపోజ్ ఫైలు ఒకటి రాసుకుంటే ఒక్క కమాండ్‌తో అన్నీ లేస్తాయి. మా టీములో కొత్తవాళ్ళు చేరిన రోజు సాయంత్రానికల్లా కోడ్ రాయడం మొదలుపెడుతున్నారంటే దానివల్లే. నేను వెన్వ్ మానేసి చాలా ఏళ్ళైంది.

సింహగిరి · మే 28, ఉదయం 10:40

దేవ్, పది మంది ఉన్న టీముకి నేనూ అదే చెబుతాను. ఈ అమ్మాయిది 8 జీబీ మెషీన్. విండోస్‌లో డాకర్ మామూలుగా డబ్ల్యూఎస్‌ఎల్ (విండోస్ లోపల లైనక్స్ నడిపే ఏర్పాటు) మీద నడుస్తుంది. అది కావాల్సి వస్తే సగం ర్యామ్ దాకా తీసుకుంటుంది. తగ్గించుకోవచ్చు, కాకపోతే దానికీ ఒక కాన్ఫిగ్ ఫైలు రాయాలి. బ్రౌజరూ ఎడిటరూ తెరిచాక మిగిలేది ఎంత? పైగా ఎర్రర్ వస్తే అది జాంగోలోదా, కంటైనర్‌లోదా, మధ్యలో నెట్‌వర్క్‌దా అన్నది తేల్చుకోవాలి. రెండు వారాల్లో పని కావాలన్న మనిషికి ఇంకో పొర తగిలించడం నాకు ఇష్టం లేదు.

రుషికొండ_దేవ్ · మే 28, ఉదయం 11:15

8 జీబీ అన్నది నేను సరిగా చూడలేదు. ఈ కేసులో ఒప్పుకుంటున్నాను. కానీ చెల్లీ, పోస్ట్‌గ్రెస్ వెర్షన్ మాత్రం సర్వర్‌లోదే పెట్టు. డెబియన్ 12 అంటే పోస్ట్‌గ్రెస్ 15.

కొత్తవలస_పాసింజర్ · మే 28, మధ్యాహ్నం 1:30

మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి. నాది ఉబుంటు 24.04. పిప్‌తో ఏది వేయబోయినా "ఎక్స్‌టర్నల్లీ మేనేజ్డ్ ఎన్విరాన్‌మెంట్" అని ఆపేస్తోంది. "బ్రేక్ సిస్టమ్ ప్యాకేజెస్" అన్న ఆప్షన్ ఇస్తే పని అవుతుందని ఒకచోట చదివాను. ఇవ్వొచ్చా?

మద్దిలపాలెం_మాస్టారు · మే 28, మధ్యాహ్నం 2:05

ఇవ్వొద్దు నాయనా. ఆ పేరులోనే ఉంది, సిస్టమ్ ప్యాకేజీలు విరిగినా పర్లేదని ఒప్పుకోవడం అది. ఉబుంటులో కొన్ని సొంత పనిముట్లు ఆ పైథాన్ మీదే ఆధారపడి ఉంటాయి. ఏప్ట్‌తో, అంటే ఉబుంటు సొంత ప్యాకేజీలు వేసే కమాండ్‌తో, పైథాన్3 వెన్వ్ ప్యాకేజీ వేసుకో (డెబియన్, ఉబుంటుల్లో అది విడిగా ఇస్తారు), ప్రాజెక్టు ఫోల్డర్‌లో వెన్వ్ కట్టుకో, దాని లోపల పిప్ హాయిగా పనిచేస్తుంది.

హార్బర్_అమ్మాయి · మే 28, రాత్రి 9:10

3.11.9 వేశాను, వెన్వ్ కట్టాను. యాక్టివేట్ చేయబోతే పవర్‌షెల్ "ఈ సిస్టమ్‌లో స్క్రిప్టులు నడపడం నిలిపివేశారు" అంటోంది.

సింహగిరి · మే 28, రాత్రి 9:22

పవర్‌షెల్‌లో ఎగ్జిక్యూషన్ పాలసీని నీ యూజర్ వరకు, అంటే స్కోప్ కరెంట్ యూజర్ అని చెప్పి, రిమోట్ సైన్డ్‌కి మార్చు. మెషీన్ మొత్తానికి మార్చొద్దు, అన్‌రిస్ట్రిక్టెడ్ అసలే వద్దు.

అసలు యాక్టివేట్ చేయడం తప్పనిసరి కాదు. అది చేసే ముఖ్యమైన పని పాత్‌లో వెన్వ్ ఫోల్డర్‌ని ముందుకు తేవడం, అంతే. వెన్వ్ లోపల స్క్రిప్ట్స్ ఫోల్డర్‌లో ఉన్న పైథాన్‌ని పూర్తి దారితో పిలిస్తే అదే ఎన్విరాన్‌మెంట్ నడుస్తుంది. అనుమానం వచ్చినప్పుడల్లా పైథాన్ లోపలికి వెళ్ళి సిస్ డాట్ ఎగ్జిక్యూటబుల్ ప్రింట్ చేసి చూడు. ఏ ఫోల్డర్‌లోని పైథాన్ నీతో మాట్లాడుతోందో అదే చెబుతుంది. నా అనుభవంలో "వేశాను కానీ మాడ్యూల్ దొరకట్లేదు" అని వచ్చిన వాళ్ళలో ఎక్కువమందికి అక్కడే తేలిపోయింది.

హార్బర్_అమ్మాయి · మే 28, రాత్రి 10:50

అన్నీ ఎక్కాయి! ఒక్క ఎర్ర అక్షరం లేదు!

ఇప్పుడు డేటాబేస్. పోస్ట్‌గ్రెస్ వేయకుండా ఎస్‌క్యూలైట్‌తో (ఒకే ఫైలులో ఉండే చిన్న డేటాబేస్) కానిచ్చేయొచ్చా? సెట్టింగ్స్‌లో రెండు లైన్లు మారిస్తే చాలని ఫ్రెండ్ అంది. లేకపోతే అన్న ఇచ్చిన డాట్ ఎన్వ్ ఫైలు నా దగ్గర ఉంది, డేటాబేస్ వివరాలు అందులోనే ఉన్నాయి. అలాగే పెట్టి మైగ్రేట్ (డేటాబేస్‌లో టేబుళ్ళు కట్టే, మార్చే కమాండ్) కొట్టేయనా?

సింహగిరి · మే 28, రాత్రి 10:54

ఆగు. ఏమీ కొట్టకు. ఆ ఫైలులో డేటాబేస్ హోస్ట్ పక్కన ఏం రాసుంది?

హార్బర్_అమ్మాయి · మే 28, రాత్రి 11:01

సర్వర్ ఐపీ అడ్రస్ ఉంది అన్నా. లోకల్ హోస్ట్ కాదు.

సింహగిరి · మే 28, రాత్రి 11:20

అంటే నీ లాప్‌టాప్‌లో నువ్వు చేసే ప్రతి ప్రయోగమూ నాన్నగారి అసలు లెక్కల మీదే జరిగేది. మైగ్రేట్ కొడితే సర్వర్‌లోని టేబుళ్ళు మారిపోయేవి. సరైన సమయంలో అడిగావు.

ఆ ఫైలు పేరు ఇప్పుడే మార్చి పక్కన పెట్టు. కొత్త డాట్ ఎన్వ్ రాసుకో: హోస్ట్ లోకల్ హోస్ట్, పోర్టు 5432, డేటాబేస్ పేరూ యూజరూ పాస్‌వర్డూ కొత్తవి. సీక్రెట్ కీ (జాంగో తన భద్రతకి వాడుకునే రహస్యపు మాట) కూడా కొత్తది, జాంగోలోనే తయారుచేసి ఇచ్చే ఫంక్షన్ ఉంది, "గెట్ రాండమ్ సీక్రెట్ కీ" అని. డాట్ ఎన్వ్ పేరు గిట్ ఇగ్నోర్‌లో (గిట్ పట్టించుకోకూడని ఫైళ్ళ జాబితా) ఉందో లేదో చూడు. ఆ ఫైలు ఎప్పుడైనా గిట్‌లోకి వెళ్ళి ఉంటే తర్వాత చెరిపినా పాత కమిట్లలో అలాగే ఉంటుంది. అప్పుడు సర్వర్ పాస్‌వర్డూ సీక్రెట్ కీ రెండూ మార్చాల్సిందే.

మద్దిలపాలెం_మాస్టారు · మే 29, ఉదయం 6:45

ఎస్‌క్యూలైట్ గురించి. నేర్చుకోవడానికి అది మంచిదే, నేను క్లాసులో మొదట దాంతోనే చెబుతాను. నీది వాటాల లెక్క కదమ్మా. జాంగోలో డెసిమల్ ఫీల్డ్ అని పెట్టినా ఎస్‌క్యూలైట్‌కి అలాంటి నికరమైన దశాంశ రకం లేదు, లోపల ఫ్లోటింగ్ పాయింట్‌గా దాచేస్తుంది. పెద్ద మొత్తాలు కూడేటప్పుడు పైసలు అటూ ఇటూ కావచ్చు. పొడవు 20 అక్షరాలే అని కాలమ్‌కి హద్దు పెట్టినా అది పట్టించుకోదు. నీ దగ్గర దాటిపోయిన పేరు సర్వర్‌లోని పోస్ట్‌గ్రెస్‌లో ఆగిపోతుంది. కళాసీ వాటాలో రూపాయి తేడా వచ్చినా హార్బర్‌లో ఎంత మాటొస్తుందో నాకన్నా నీకే బాగా తెలుసు. పోస్ట్‌గ్రెస్ 15 వేసుకో.

హార్బర్_అమ్మాయి · మే 29, రాత్రి 8:30

వేశాను. పీజీ అడ్మిన్‌లో (పోస్ట్‌గ్రెస్‌ని చూసుకునే ప్రోగ్రాం) డేటాబేస్ చేశాను, యూజర్‌ని చేశాను, ఆ డేటాబేస్ మీద అన్ని హక్కులూ ఇచ్చాను. మైగ్రేట్ కొడితే "పర్మిషన్ డినైడ్ ఫర్ స్కీమా పబ్లిక్".

రుషికొండ_దేవ్ · మే 29, రాత్రి 8:41

ఇది 15 నుంచి వచ్చిన మార్పు చెల్లీ. 14 దాకా ఏ యూజరైనా పబ్లిక్ స్కీమాలో (స్కీమా అంటే డేటాబేస్ లోపల టేబుళ్ళు ఉండే అర) టేబుళ్ళు చేసుకోవచ్చు. భద్రత కోసం 15లో ఆ హక్కు తీసేశారు. డేటాబేస్ మీద హక్కులిచ్చినా లోపలి స్కీమా మీద ఇచ్చినట్టు కాదు. నెట్‌లో పాత పద్ధతులే ఇంకా తిరుగుతున్నాయి, అందుకే అందరూ ఇక్కడ ఆగుతున్నారు. ఆ డేటాబేస్‌కి ఓనర్‌గా నీ కొత్త యూజర్‌నే పెట్టు. పీజీ అడ్మిన్‌లో డేటాబేస్ ప్రాపర్టీస్‌లో ఓనర్ అని ఉంటుంది. అంతే.

హార్బర్_అమ్మాయి · మే 29, రాత్రి 9:15

మైగ్రేషన్లన్నీ ఎక్కాయి. రన్ సర్వర్ ఇచ్చి బ్రౌజర్‌లో 8000 పోర్టు తెరిస్తే లాగిన్ పేజీ వచ్చింది!

చేపల పేర్లు ఎక్కించడానికి అన్న ఒక కమాండ్ రాశాడు. ఒక టెక్స్ట్ ఫైలు చదివి టేబుల్లో పెడుతుంది. అది కొడితే "చార్‌మ్యాప్ కోడెక్ కాంట్ డీకోడ్ బైట్ 0x81 ఇన్ పొజిషన్ 28" అంటోంది. ఫైలులో వరసగా వంజరం, చందువ, కానాగంతలు, కవళ్ళు... ఒక్కో లైనుకి ఒక్కో పేరు. సర్వర్‌లో ఇదే ఫైలు బాగా ఎక్కింది.

మద్దిలపాలెం_మాస్టారు · మే 29, రాత్రి 10:30

ఈ ఎర్రర్‌ని తెలుగువాళ్ళం ప్రతి ఒక్కరం ఒకసారైనా విప్పి చూడాలి. కాగితం తీసుకుని నాతోపాటు లెక్కపెట్టు.

యూటీఎఫ్-8లో (అన్ని భాషల అక్షరాలనీ బైట్లుగా రాసే పద్ధతి) మన తెలుగు అక్షరం, గుణింతపు గుర్తు, సున్నా... ఒక్కోదానికీ మూడేసి బైట్లు. వంజరం అంటే వ, సున్నా, జ, ర, సున్నా. ఐదు మూళ్ళు పదిహేను. విండోస్‌లో లైను చివర రెండు బైట్లు, పదిహేడు అయ్యాయి. తర్వాత చందువ: చ, సున్నా, ద, మూడు మూళ్ళు తొమ్మిది, ఇరవై ఆరు. లెక్క సున్నా నుంచి మొదలవుతుంది కాబట్టి తర్వాతి గుర్తు, అంటే ద పక్కన ఉన్న కొమ్ము, 26, 27, 28 స్థానాల్లో ఉంటుంది. ఆ కొమ్ము చివరి బైటు 81. నిన్ను ఆపింది అదే.

ఎందుకు ఆపింది? ఫైలు తెరిచేటప్పుడు ఎన్‌కోడింగ్ చెప్పకపోతే పైథాన్ మెషీన్ అలవాటుని పట్టుకుంటుంది. లైనక్స్ సర్వర్‌లో అది యూటీఎఫ్-8. మన విండోస్‌లలో మామూలుగా 1252 అనే పాత పట్టిక. ఆ పట్టికలో 81 గడి ఖాళీ. పొల్లు చివరి బైటు 8డి, ఆ గడీ ఖాళీయే. కాబట్టి కొమ్ము గానీ పొల్లు గానీ ఉన్న మాట తగలగానే ఆగిపోతుంది. నీ ఫైలులో వంజరం ఒక్కటే ఉంటే ఏ ఎర్రరూ లేకుండా చెత్త అక్షరాలుగా డేటాబేస్‌లోకి ఎక్కి కూర్చునేది. నన్నడిగితే ఆగిపోవడమే మేలు.

కోడ్‌లో ఫైలు తెరిచే చోట ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-8 అని రాయి. పైథాన్ యూటీఎఫ్8 అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌కి 1 ఇచ్చినా పని జరుగుతుంది, కానీ అది నీ మెషీన్‌కే పరిమితం. కోడ్‌లో రాస్తే నీ తర్వాత వచ్చేవాళ్ళకీ పనికొస్తుంది. పైథాన్ 3.15 నుంచి యూటీఎఫ్-8నే డిఫాల్ట్ చేయాలని నిర్ణయించారు. అప్పటికి కూడా రాసి ఉంచడంలో నష్టమేమీ లేదు.

గాజువాక_టర్నర్ · మే 29, రాత్రి 10:52

నేనూ లెక్కపెట్టాను మాస్టారూ. సరిగ్గా 28.

హార్బర్_అమ్మాయి · జూన్ 1, సాయంత్రం 6:20

పేర్లన్నీ తెలుగులో శుభ్రంగా ఎక్కాయి. ఇంకో విచిత్రం ఉంది. నాన్న ఎప్పట్నుంచో అంటున్నారు, తెల్లవారుజామున రాసిన వేలాలు ముందురోజు తేదీలో పడుతున్నాయని. నా దగ్గరా అలాగే వస్తోంది. ఈ ఉదయం 4 గంటలకి లేచి రాసి చూశాను, మే 31 అని పడింది. 6 గంటలకి రాస్తే జూన్ 1 అనే పడింది.

సింహగిరి · జూన్ 1, సాయంత్రం 7:00

4 గంటలకి లేచి చూశావంటే నీకు ఈ పని వచ్చేసినట్టే.

మన టైము యూటీసీ (ప్రపంచమంతటికీ ఉమ్మడి ప్రామాణిక సమయం) కన్నా ఐదున్నర గంటలు ముందు. ఇక్కడ ఉదయం 4 అంటే అక్కడ ముందురోజు రాత్రి 10:30. సెట్టింగ్స్‌లో టైమ్ జోన్ యూటీసీ అనే ఉండి ఉంటుంది, ఏషియా కోల్‌కతా అని మార్చు. తర్వాత తేదీ ఎక్కడ తీసుకుంటున్నారో కోడ్‌లో వెతుకు. టైమ్ జోన్ నౌ తీసుకుని దానికి నేరుగా డేట్ అడిగితే మళ్ళీ యూటీసీ తేదీయే వస్తుంది. జాంగోలో లోకల్ డేట్ అని ఫంక్షన్ ఉంది, అది వాడు. పగలు పనిచేసే ఆఫీసు అప్లికేషన్‌లో ఇది ఏళ్ళ తరబడి బయటపడకపోవచ్చు. ఐదున్నరకి ముందే వేలం నడిచేచోట రోజూ బయటపడుతుంది. పాత రికార్డుల్లో తప్పు తేదీలు ఎన్ని ఉన్నాయో విడిగా తేల్చుకోవాలి.

హార్బర్_అమ్మాయి · జూన్ 4, రాత్రి 9:45

టైమ్ జోనూ, తేదీ తీసే చోటూ, రెండూ మార్చాను. తేదీ సరైంది. నాన్న ఫోనులో చూపిద్దామంటే తెరుచుకోవట్లేదు. ఇద్దరం ఒకే వైఫైలో ఉన్నాం.

రుషికొండ_దేవ్ · జూన్ 4, రాత్రి 9:58

రన్ సర్వర్ మామూలుగా నీ లాప్‌టాప్‌కే వినిపిస్తుంది. దానికి నాలుగు సున్నాల అడ్రసూ 8000 పోర్టూ ఇచ్చి నడుపు. సెట్టింగ్స్‌లో అలౌడ్ హోస్ట్స్‌లో లాప్‌టాప్ ఐపీ చేర్చు. ఫైర్‌వాల్ అడిగితే ప్రైవేట్ నెట్‌వర్క్‌కి మాత్రమే ఒప్పుకో. ఇంట్లో వరకే ఇది. కాలేజీ వైఫైలోనో కాఫీ షాపులోనో ఇలా తెరవకు, డీబగ్ పేజీలో నీ సెట్టింగ్స్ చాలా బయటపడతాయి.

హార్బర్_అమ్మాయి · జూన్ 7, రాత్రి 8:15

నాన్న ఫోనులో తెరుచుకుంది. అరగంట కూర్చుని పోయిన సీజనులోని ఒక ట్రిప్పు లెక్క పుస్తకం చూస్తూ మొత్తం ఎక్కించారు. వాటాలు పైసాతో సహా కలిశాయి. తేదీ చూసి "ఇప్పుడు నిజం చెబుతోంది" అన్నారు.

ఒక్కటే అడిగారు. ఐసు కిలోల్లో అడుగుతోందేంటి, మేము దిమ్మల్లో లెక్కపెడతాం కదా అని. దానికి మైగ్రేషన్ రాస్తున్నాను. ఉన్న కాలమ్‌నే మార్చేయనా మాస్టారూ?

మద్దిలపాలెం_మాస్టారు · జూన్ 7, రాత్రి 8:40

మార్చకమ్మా. పాత ట్రిప్పులన్నీ కిలోల్లో ఉన్నాయి, ఆ అంకెల అర్థం మారిపోతుంది. దిమ్మలకి కొత్త కాలమ్ పెట్టు, ఖాళీగా ఉండొచ్చని చెప్పు. నీ లాప్‌టాప్‌లో మైగ్రేషన్ ముందుకీ వెనక్కీ రెండుసార్లు నడిపి చూడు. సర్వర్‌లో కొట్టే ముందు పీజీ డంప్‌తో డేటాబేస్ కాపీ తీసి, అది నీ దగ్గర తిరిగి ఎక్కుతోందో లేదో చూసుకున్నాకే ముందుకెళ్ళు. ఇంకా వారం ఉంది.